మీ వార్డులో ఇల్లు లేనివాళ్ళెవరు, ఎందుకు లేదు: తెలుసుకోవడం ఎలా

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఉంటున్న తెలుగువాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. యువజన సంఘమో, మహిళా సంఘమో, గుడి కమిటీయో నడుపుతూ 'మన వీధిలో ఫలానా వాళ్ళకి నిలువ నీడ లేదు, ఏదో ఒకటి చెయ్యాలి' అనుకునేవాళ్ళకి ఇది పనికొస్తుంది. సాధారణంగా జరిగేదేమిటంటే, కార్పొరేటరుకో సర్పంచుకో ఒక అర్జీ రాస్తారు, నలుగురూ కలిసి ఇచ్చి ఫొటో దిగుతారు, ఆరు నెలలు పోయాక దాని సంగతి ఎవరికీ గుర్తుండదు. అర్జీ పెట్టడంలో తప్పేమీ లేదు. కానీ అందులో 'ఇల్లు ఇప్పించండి' అన్న ముక్క తప్ప ఇంకేమీ ఉండదు. ఆ కుటుంబానికి ఇల్లు ఎందుకు లేదో కూడా రాస్తే ఆ కాగితం ఏ ఆఫీసుకి, ఎవరి బల్ల మీదికి వెళ్ళాలో మీకే తెలిసిపోతుంది.

నేను చూసినంతలో మన వైపు ఇంటి సమస్య మూడొంతులు నేల సమస్యే. స్థలం ఉండదు. ఉంటే పట్టా ఉండదు. పట్టా ఉంటే ఎప్పుడో పోయిన తాతగారి పేరు మీద ఉంటుంది. కింద చెప్పే అడుగులన్నీ ఆ సంగతి దృష్టిలో పెట్టుకునే చెబుతున్నాను.

మొదటి అడుగు: ఎవర్ని లెక్కలోకి తీసుకోవాలో తేల్చుకోండి

జనగణన వాళ్ళ లెక్కలో ఇల్లు లేనివాళ్ళంటే కప్పున్న కట్టడంలో కాకుండా రోడ్డు పక్కన, పేవ్‌మెంటు మీద, సిమెంటు గొట్టాల్లో, ఫ్లైఓవర్ల కింద, గుడి మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద రాత్రి గడిపేవాళ్ళు. 2011లో ఫిబ్రవరి 28 రాత్రి వీళ్ళని లెక్కపెట్టారు. దేశం మొత్తం మీద సుమారు 17.7 లక్షల మంది తేలారు. ఈ ఒక్క లెక్కే పట్టుకుంటే మీ వార్డులో సమస్యే లేదనిపిస్తుంది, ఎందుకంటే మన ఊళ్ళలో రోడ్డు మీద పడుకునేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే కనిపిస్తారు.

ఇంకో లెక్క చూడండి. 2012లో పట్టణాల్లో ఇళ్ళ కొరత ఎంతో తేల్చడానికి కేంద్రం ఒక నిపుణుల బృందాన్ని వేసింది. 1.878 కోట్ల ఇళ్ళు తక్కువున్నాయని వాళ్ళు చెప్పారు. అందులో అసలు గూడే లేని కుటుంబాల వాటా 5.3 లక్షలు. ఒకే ఇంట్లో ఇరుక్కుని బతుకుతున్న కుటుంబాల వాటా దాదాపు 1.5 కోట్లు. అదే సమయంలో పట్టణాల్లో తాళం వేసి ఖాళీగా ఉన్న ఇళ్ళు 1.1 కోట్లని 2011 జనగణన చెప్పింది. అంటే గోడలకి కొరత లేదు, కొనలేని, అద్దె కట్టలేని కుటుంబాలకి అందుబాటులో ఉన్నవే తక్కువ.

అందుకని మీ నోట్‌బుక్కులో మూడు పేజీలు వేరుచేసి పెట్టుకోండి. ఒకటి, నిజంగా ఆరుబయట పడుకునేవాళ్ళకి. రెండోది, కప్పు ఉన్నా చోటు చాలక వంతులవారీగా పడుకునేవాళ్ళకి, వర్షాకాలంలో పక్కింటికో బడి వరండాకో పోయేవాళ్ళకి. మూడోది, ఇల్లు బాగానే ఉన్నా కింద నేల వాళ్ళది కానివాళ్ళకి: ప్రభుత్వ స్థలంలో, చెరువు గట్టున, రైల్వే స్థలం అంచున, బస్తీలో ఉన్నవాళ్ళు. రెండో పేజీ అన్నిటికన్నా ముందు నిండిపోతుంది.

రెండో అడుగు: చిన్న ప్రాంతం తీసుకుని, రాత్రి ఒకసారి, పగలు ఒకసారి తిరగండి

ఊరు మొత్తం నెత్తినేసుకోవద్దు. బరంపురంలో అయితే ఒక వార్డు చాలు, పల్లెలో అయితే ఒక రెవెన్యూ గ్రామం. రాత్రి పది దాటాక స్టేషన్, బస్టాండు, మార్కెట్ షాపుల ముందు అరుగులు, గుడి మండపాలు చూసుకుంటూ రండి. ఎమ్‌కేసీజీ మెడికల్ కాలేజీ ఆస్పత్రి చుట్టుపక్కల కనిపించేవాళ్ళని మిగతావాళ్ళతో కలిపెయ్యకండి. వాళ్ళలో చాలామంది కొండ ఊళ్ళ నుంచి రోగితో వచ్చినవాళ్ళు. వాళ్ళకి ఇల్లుంది, ఆ వారం రోజులకి పడక లేదు, అంతే. వాళ్ళకి కావలసింది రాత్రి బస, పట్టా కాదు. రిక్షావాళ్ళు, హోటల్లో గిన్నెలు కడిగేవాళ్ళు, ఇంట్లోంచి వెళ్ళగొట్టిన ముసలివాళ్ళు, మతి స్థిమితం లేనివాళ్ళు, ఒక్కొక్కరిది ఒక్కో కథ. వెళ్ళేటప్పుడు ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి, ఒక ఆడమనిషి తప్పకుండా ఉండాలి. నిద్రపోతున్నవాళ్ళని లేపొద్దు, మొహం మీద టార్చి వెయ్యొద్దు. ఫొటోలు అసలే వద్దు.

రాత్రి బసల సంగతికొస్తే, ప్రతి లక్ష జనాభాకి వందమంది పట్టే ఆశ్రయం ఒకటి ఏడాది పొడుగునా, రోజంతా తెరిచి ఉండాలన్నది ప్రభుత్వం పెట్టుకున్న ప్రమాణం. ఆహార హక్కు కేసులో 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల తర్వాత ఇది గట్టిపడింది. 2011 లెక్కల్లోనే బరంపురం జనాభా 3.5 లక్షలు దాటింది. మీ మున్సిపాలిటీలో ఆశ్రయాలు ఎన్ని, ఎక్కడున్నాయి, ఎన్ని మంచాలున్నాయి అని అడిగి తెలుసుకోండి. తెలుసుకుని ఊరుకోకుండా ఒక రాత్రి వెళ్ళి చూడండి: తలుపు తీసి ఉందా, ఆడవాళ్ళకి వేరే గది ఉందా, ఆధార్ లేకపోతే లోపలికి రానిస్తున్నారా.

పగటి తిరుగుడులో వేరే సంగతులు కనిపిస్తాయి. గంజాం పల్లెల్లో తాళాలేసిన ఇళ్ళు చాలా ఉంటాయి. మగవాళ్ళు సూరత్ మరమగ్గాల మీద ఉంటారు. అక్కడ మెస్సు గదుల్లో పన్నెండు గంటల షిఫ్టు దిగినవాడు పడుకునే చోటే, షిఫ్టు ఎక్కబోయేవాడు అప్పుడే లేచిన చోటు. ఊళ్ళో ఇల్లున్నా ఆ మనిషి అక్కడ ఏ లెక్కకీ అందడు. తాళం చూసి 'వీళ్ళకి ఇల్లుంది కదా' అని గీత కొట్టెయ్యకుండా పక్కింటివాళ్ళని అడగండి. తాళం వేసిన ఆ ఇల్లు అన్నదమ్ములు నలుగురిదీ అయ్యుండొచ్చు.

మూడో అడుగు: కూర్చుని మాట్లాడండి, ఫారం తర్వాత

నిలబడి ఫారం నింపితే 'ఇల్లు ఉందా?' అన్న ప్రశ్నకి 'ఉంది' అనే జవాబు వస్తుంది. పరువు గల మనిషెవడూ గుమ్మంలో నిలబడ్డ కుర్రాళ్ళతో మాకు ఇల్లు లేదని చెప్పడు.

బరంపురం దేవాంగుల వీధుల్లో ఒక ఇంటి సంగతి చెబుతాను. ముందు గదిలో గుంట మగ్గం. గది మూడొంతులు అదే తినేస్తుంది. మగ్గం కాళ్ళకీ గోడకీ మధ్య ఒక చాప పట్టే జాగా ఉంది, అది పెద్ద కొడుకూ కోడలిది. వెనక వంటగదిలో పొయ్యి ఆరిపోయాక చిన్నకొడుకు కుటుంబం. మామగారు బయట అరుగు మీద, పైన ప్లాస్టిక్ పట్టా కట్టుకుని. అత్తగారిని పలకరిస్తే 'ఇల్లు మాకుంది బాబూ, మా మావగారు కట్టిందే. నిద్దరకే చోటు లేదు' అంది. చినుకు పడితే మామగారు లోపలికొచ్చి మగ్గం గుంటలోకి కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని తెల్లారబెడతాడట. పట్టు తడిస్తే నెల కూలి పోతుంది కాబట్టి మగ్గాన్ని పక్కకి జరపడమన్న ఊసే లేదు. ప్రభుత్వ లెక్కలో ఇది పక్కా ఇల్లు, పెంకుటి కప్పు, కరెంటు ఉంది. ఏ లిస్టులోనూ రాదు.

అందుకే అడగాల్సింది 'ఇల్లు ఉందా' అని కాదు, 'రాత్రి ఎవరెవరు ఎక్కడ పడుకుంటారు పిన్నీ?' అని. వర్షం వస్తే ఎక్కడికి వెళ్తారు? ఇంట్లో పెళ్ళైన జంటలు ఎన్ని? స్నానానికి, దొడ్డికి ఎక్కడికి? ఈ ఇంట్లోకి ఎప్పుడొచ్చారు, అంతకుముందు ఎక్కడుండేవారు? పోయిన ఏడాదిలో ఎవరైనా ఖాళీ చెయ్యమన్నారా? ఈ మాటలన్నీ కబుర్లలో కలిపి అడగండి. ఆ తర్వాతే కాగితాల సంగతి ఎత్తండి. వేరు కాపురం పెట్టలేక ఇరుక్కున్న కోడళ్ళు అత్తగారి ముందు నోరు విప్పరు, వాళ్ళతో మీ సంఘంలో ఆడవాళ్ళు విడిగా మాట్లాడాలి.

ఒక్క జాగ్రత్త. 'మీకు ఇల్లొస్తుంది' అన్న మాట నోరు జారి కూడా అనకండి. రేపటికల్లా ఆ మాట వీధంతా పాకి, ఎల్లుండికి ఎవడో దళారి మీ పేరు చెప్పి డబ్బులు వసూలు చేస్తాడు.

నాలుగో అడుగు: నేల కాగితం చదవడం నేర్చుకోండి

ఈ అడుగు మీద ఎక్కువ సమయం పెట్టండి. మన జిల్లాలు 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చినవి. పాత కుటుంబాల ట్రంకు పెట్టెల్లో తెలుగులో రాసిన దస్తావేజులు ఇప్పటికీ ఉంటాయి. ఇప్పుడు చెల్లేది మాత్రం ఒడియాలో ఉండే హక్కుల పత్రం, అందరూ పట్టా అనేది. 'భూలేఖ్' వెబ్‌సైటులో జిల్లా, తహసీలు, గ్రామం, ఖాతా నంబరు ఇస్తే ఎవరైనా చూడొచ్చు. మీ గుంపులో ఒడియా లిపి గడగడా చదవగల పిల్ల ఒకరుండాలి. బడికి వెళ్ళే మన పిల్లలు బాగానే చదువుతారు, పెద్దవాళ్ళే మాట్లాడతారు గానీ చదవలేరు.

పట్టాలో నాలుగు సంగతులు చూడండి. మొదటిది, ఎవరి పేరు. చనిపోయినవాళ్ళ పేరే ఉంటే ముందు తహసీల్దారు దగ్గర వారసుల సర్టిఫికెట్టు, ఆ తర్వాత మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్పించుకోవడం. అన్నదమ్ములు ఒక మాట మీద ఉంటే ఒడిశా భూసంస్కరణల చట్టం 19(1)(సి) కింద తహసీల్దారు దగ్గరే భాగాలు పంచుకోవచ్చు, సివిల్ కోర్టు చుట్టూ తిరగక్కర్లేదు. ఈ సంగతి తెలియక ఒకే పట్టా మీద మూడు తరాలు వేలాడుతున్న ఇళ్ళు ఎన్నో. ఆ మూడు తరాల్లో ఒక్కరికే ఇంటి సాయం వస్తుంది.

రెండోది, 'కిసం', అంటే భూమి రకం. 'ఘరబారి' అని ఉంటే ఇంటి స్థలం. వరి పొలమని ఉంటే అందులో ఇల్లు కట్టుకున్నా కాగితం మీద అది పొలమే. అదే చట్టంలోని 8-ఎ కింద మార్పించుకోవాలి. మూడోది, విస్తీర్ణం. అక్కడ డెసిమల్‌లో రాస్తారు, మన సెంటుతో సమానమే, సుమారు 435 చదరపు అడుగులు. నాలుగోది, ప్రభుత్వ స్థలమా, అటవీ స్థలమా అన్నది.

ప్రభుత్వ స్థలమైతే పట్నంలో ఒక దారి, పల్లెలో ఒక దారి. పట్నం బస్తీలకి ఒడిశా 2017లో బస్తీవాసుల భూహక్కుల చట్టం తెచ్చింది. 2018లో జగా మిషన్ మొదలుపెట్టి డ్రోన్లతో బస్తీలు కొలిచి, భార్యాభర్తల ఇద్దరి పేరు మీదా హక్కు పత్రాలు ఇవ్వడం మొదలైంది. ఆ హక్కు పిల్లలకి వస్తుంది, బ్యాంకులో తాకట్టు పెట్టుకోవచ్చు, అమ్ముకోవడానికి మాత్రం లేదు. మీరు తిరిగే బస్తీలో సర్వే అయిందా, పత్రాలు ఎవరెవరికి అందాయి, అందనివాళ్ళ పేరు ఎక్కడ ఆగిందో రాసుకోండి. సర్వే రోజున సూరత్‌లో ఉన్నవాళ్ళని, కాన్పుకి పుట్టింటికి వెళ్ళినవాళ్ళని ప్రత్యేకంగా అడగండి. పల్లెల్లో సెంటు జాగా కూడా లేని కుటుంబాలకి ఇంటి స్థలం ఇచ్చే పథకం 'వసుంధర'. అర్జీ రెవెన్యూ ఇన్‌స్పెక్టరు (ఆర్‌ఐ) ద్వారా తహసీల్దారుకి వెళ్తుంది.

రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి జిల్లాలు మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతాలు, గజపతిలో కొంత భాగం. అక్కడ 1956 నాటి రెండో నంబరు రెగ్యులేషన్ ప్రకారం గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనడానికి వీల్లేదు. తెల్లకాగితం మీద సంతకాలు పెట్టించుకుని కొనుక్కున్న స్థలాల్లో ఇళ్ళు కట్టుకున్న మనవాళ్ళు ఉంటారు. వాళ్ళు అడిగినా సరే, ఆ కాగితాన్ని సక్రమం చేయించే పని మీరు నెత్తికెత్తుకోవద్దు. ఆ చట్టం ఎందుకొచ్చిందో ఆ కొండ ఊళ్ళలో ఎవర్నడిగినా చెబుతారు. అడవి స్థలంలో తరాలుగా ఉన్న గిరిజన కుటుంబాలకైతే 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. 2005 డిసెంబరు 13 నాటికి అక్కడ ఉండి ఉండాలి, దరఖాస్తు గ్రామసభ దగ్గర మొదలవుతుంది.

ఇక పేర్ల గొడవ. ఇది ఒక్క తెలుగువాళ్ళకే ఉన్న తలనొప్పి. మనకి ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. ఇక్కడి ఆఫీసుల్లో చివర ఉన్నదే ఇంటిపేరు. దాంతో ఒకే మనిషి ఆధార్‌లో 'ఎ. రామారావు', రేషన్ కార్డులో 'రామా రావ్', పట్టాలో 'అల్లు రామయ్య'. ఆయన భార్య ఒకచోట 'లక్ష్మీ రావ్', ఇంకోచోట 'లక్ష్మమ్మ'. కంప్యూటరుకి వీళ్ళు ఐదుగురు. ఇచ్ఛాపురం, పాతపట్నం వైపు నుంచి వచ్చిన కోడళ్ళ ఆధార్ పుట్టింటి చిరునామాతోనే ఉండిపోతుంది, రేషన్ కార్డులో పేరు అటువైపే మిగిలిపోతుంది. ఒడిశా, ఆంధ్ర రెండూ మావేననే కోటియా పల్లెల్లో రెండు రాష్ట్రాలూ కార్డులిస్తాయి, అది వేరే కథ. ప్రతి కుటుంబానికీ ఒక పేజీలో ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు, పట్టా, ఓటరు కార్డుల్లో పేరు ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా పక్కపక్కన రాయండి. ఆ పేజీ చూస్తేనే అర్జీలు ఎక్కడ తిరిగొస్తున్నాయో సగం తెలుస్తుంది.

ఐదో అడుగు: అద్దె లెక్క కట్టండి

ఆదాయంలో 30 శాతానికి మించి ఇంటికి పోతే ఆ ఇల్లు ఆ కుటుంబానికి అందుబాటులో లేనట్టే అని సాధారణంగా అంటారు. మన దగ్గర అద్దె ఒక్కటే లెక్కేస్తే సరిపోదు. ఉదాహరణకి నెలకి 9,000 తెచ్చుకునే కుటుంబం 2,500 అద్దె కడుతోందనుకుందాం. ఇది 28 శాతం, బాగానే ఉందనిపిస్తుంది. దానికి సబ్‌మీటరు కరెంటు 400 కలపండి, ఊరి బయట గది దొరికింది కాబట్టి పనికి వెళ్ళొచ్చే షేర్ ఆటో 1,000 కలపండి. 43 శాతం దాటింది. అడ్వాన్సు కోసం తెచ్చిన అప్పు వడ్డీ ఇంకా కలపలేదు.

కరెంటు దగ్గర ఆగి అడగండి. ఇంటి ఓనరు యూనిట్‌కి ఎంత వసూలు చేస్తున్నాడు, ఆయనకి వచ్చే బిల్లులో యూనిట్ ఎంత? ఆ తేడాయే చాలా ఇళ్ళలో దాపరికపు అద్దె. రసీదు లేదు, అగ్రిమెంటు లేదు, దాంతో నివాస ధృవపత్రం రాదు, అది లేక రేషన్ కార్డు మారదు.

ఆరో అడుగు: ఏ కుటుంబానికి ఏ పథకమో జత చెయ్యండి

పల్లెల్లో ప్రధానమంత్రి ఆవాస్ గ్రామీణ్. 2016లో ఇందిరా ఆవాస్ స్థానంలో వచ్చింది. మైదాన ప్రాంతంలో 1.20 లక్షలు, కొండ ప్రాంతాలు, నక్సల్ ప్రభావిత జిల్లాల్లో 1.30 లక్షలు, ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలి. మరుగుదొడ్డికి 12,000, ఉపాధి హామీ కింద 90–95 రోజుల కూలి విడిగా. మొదట్లో 2011 సామాజిక ఆర్థిక సర్వే జాబితా నుంచి పేర్లు తీశారు, తర్వాత అందులో తప్పిపోయినవాళ్ళ కోసం ఆవాస్ ప్లస్ సర్వేలు వచ్చాయి. కొత్త నిబంధనల్లో బైకు, ఫ్రిజ్ ఉన్నాయని పేరు తీసెయ్యరు. ఇంట్లో ఒకరి నెల ఆదాయం 15,000 దాటితే మాత్రం అనర్హత. 'మాకు బండుంది, రాదులే' అని ఊరుకున్నవాళ్ళకి ఈ మాట చెప్పండి.

ఆ డబ్బు ఎంతవరకు సరిపోతుందో మీరే చూడండి. 25 చదరపు మీటర్లంటే సుమారు 269 చదరపు అడుగులు. 1.20 లక్షల్ని భాగిస్తే అడుక్కి 446 రూపాయలు. మీ ఊరి తాపీమేస్త్రిని పిలిచి అడుగుకి ఎంత పడుతుందో అడగండి, ఆయన నవ్వుతాడు. మిగతాది ఎక్కడి నుంచి తెస్తారన్నదే ఆ కుటుంబం అసలు ప్రశ్న. చాలామంది వడ్డీకి తెచ్చి కడతారు, లేదా లింటెల్ దాకా లేపి ఆపేస్తారు.

పట్నంలో ప్రధానమంత్రి ఆవాస్ అర్బన్, ఇప్పుడు 2024 సెప్టెంబరు నుంచి 2.0. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉండి, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేకుండా, సొంత స్థలం ఉంటే కట్టుకోవడానికి కేంద్రం వాటా 1.5 లక్షలు, రాష్ట్రం వాటా దాని మీద. 'సొంత స్థలం ఉంటే' అన్న ఆ రెండు ముక్కల దగ్గరే నాలుగో అడుగు మళ్ళీ గుర్తొస్తుంది. బస్తీ హక్కు పత్రం చేతికొస్తేనే ఇది కదులుతుంది. వీటిలో ఇమడనివాళ్ళకి, అగ్నిప్రమాదాల్లో, వరదల్లో ఇల్లు పోయినవాళ్ళకి ఒడిశా ప్రభుత్వం 2025లో అంత్యోదయ గృహ యోజన మొదలుపెట్టింది. బ్లాకు ఆఫీసులో అడగండి.

మగ్గం ఇంట్లో ఇరుక్కున్న ఆ దేవాంగుల కుటుంబం లాంటివాళ్ళు వీటిలో దేనికీ సూటిగా సరిపోరు. ఆ మాట దాచకుండా అర్జీలో రాయండి. అందుబాటు అద్దెకి ఇళ్ళు కట్టించాలని అడగాల్సింది ఇలాంటి వాళ్ళ తరఫునే. 2.0లో అద్దె ఇళ్ళకీ ఒక భాగం ఉంది.

ఏడో అడుగు: ప్రభుత్వ జాబితా పక్కన మీ జాబితా పెట్టండి

పంచాయతీ ఆఫీసులో, పథకం వెబ్‌సైటులో ఇళ్ళ జాబితా ఉంటుంది. మీ నోట్‌బుక్కుతో పోల్చి చూడండి. అక్కడ ఉండి మీ దగ్గర లేని పేర్లు, మీ దగ్గర ఉండి అక్కడ లేని పేర్లు వేరుగా రాయండి. మొదటి రకం మీద బహిరంగంగా గొడవ పెట్టుకోకండి, ఊళ్ళో రెండు పార్టీలైపోతాయి, మీ పని అక్కడితో సరి. రెండో రకం మీదే పట్టుబట్టండి.

పల్లెల్లో దీనికి వేదిక పల్లి సభ, అంటే ఊరి ఓటర్లంతా కూర్చునే సభ. చట్ట ప్రకారం ఏటా ఫిబ్రవరిలో జరగాలి. రిజిస్టరులో మీ మాట రాయించి, రాశారో లేదో చదివించుకుని, అప్పుడు సంతకం పెట్టండి. సమాచారం ఇవ్వకపోతే ఆర్టీఐ, అంటే సమాచార హక్కు చట్టం కింద అర్జీ. ఒడిశాలో ఫారం-ఎ నింపాలి, గుర్తింపు కార్డు నకలు జతచెయ్యాలి, రుసుము 10 రూపాయలు, దారిద్ర్యరేఖ కింద ఉన్నవాళ్ళకి అదీ లేదు. అర్జీ ఒడియాలోనో హిందీలోనో ఇంగ్లీషులోనో ఉండాలి, తెలుగులో రాస్తే తీసుకోరు. 30 రోజుల్లో జవాబు రావాలి. ప్రశ్న చిన్నదిగా అడగండి: 'ఫలానా పంచాయతీలో ఫలానా సంవత్సరం తిరస్కరించిన దరఖాస్తులు, కారణాలు.' అంతకన్నా సాగదీస్తే తప్పించుకునే సందు మీరే ఇచ్చినట్టు.

సోమవారాల్లో కలెక్టరు, ఎస్పీ కలిసి ఫిర్యాదులు వినే జాయింట్ గ్రీవెన్సుకి వెళ్ళేటప్పుడు ఒక్కో కుటుంబానికి ఒక్కో అర్జీ, పైన ఒకే ఒక వాక్యం: 'పట్టా తాత పేరున ఉంది, మ్యుటేషన్ చెయ్యాలి' లేదా 'భూహక్కు సర్వేలో పేరు తప్పింది, చేర్చాలి.' రసీదు నంబరు తీసుకోకుండా రావొద్దు.

ఎనిమిదో అడుగు: అక్టోబరుకి ముందే సిద్ధంగా ఉండండి

ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస వైపు తీరం తాకి గజపతిని అతలాకుతలం చేసింది. ఈ కాలంలో ఇల్లున్నవాళ్ళు లేనివాళ్ళైపోతారు.

తుఫాను తర్వాత వచ్చే నష్టపరిహారం అంతా అధికారి ఫారంలో వేసే టిక్కు మీద ఉంటుంది. కేంద్రం ఖరారు చేసిన 2022–26 ప్రమాణాల ప్రకారం ఇల్లు పూర్తిగా పోతే మైదానంలో 1.20 లక్షలు, కొండ ప్రాంతంలో 1.30 లక్షలు. కచ్చా ఇల్లు 'పాక్షికంగా' దెబ్బతింటే 4,000. 'గుడిసె' అని రాస్తే 8,000. మట్టిగోడ నాని ఒరిగిన ఇల్లు ఈ మూడింట్లో ఏదవుతుంది? పాత ఇల్లు ఎలా ఉండేదో రుజువు లేకపోతే అధికారి ఏది రాస్తే అదే. అందుకని సెప్టెంబరులోనే, ఇంటివాళ్ళ ఒప్పుకోలుతో, మీ జాబితాలోని ప్రతి కచ్చా ఇంటికీ నాలుగు వైపులా ఫొటోలు తీసి, తేదీ, లొకేషన్ ఉండేలా దాచండి. రాత్రి నడకలో వద్దన్న ఫొటో ఇక్కడ కావాలి, కాకపోతే ఇంటికి, మనిషికి కాదు. పట్టా, పాస్‌బుక్కు, ఆధార్ నకళ్ళు ప్లాస్టిక్ కవర్లో వేసి పెట్టుకోమనండి.

తీరం వెంబడి మన జాలరి కుటుంబాలు, ఇక్కడివాళ్ళు నోలియాలనేవాళ్ళు, ఇంకో చిక్కులో ఉంటారు. ఫైలిన్ తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో గంజాం తీరంలో తుఫానుకి తట్టుకునే ఇళ్ళు చాలా కట్టారు. రుషికుల్యా నది సముద్రంలో కలిసే చోటి పొడంపేట లాంటి ఊళ్ళని సముద్రమే మింగేస్తూ వచ్చింది కాబట్టి ఊరినే లోపలికి జరపాల్సొచ్చింది. కొత్త కాలనీలో ఇల్లు గట్టిదే. పడవ, వల, ఎండబెట్టే ఇసుక మాత్రం సముద్రం దగ్గరే ఉంటాయి. ఇలాంటి కాలనీకి వెళ్తే 'ఇల్లు ఎలా ఉంది' అని అడిగి ఊరుకోకండి. వేటకి ఎన్నింటికి లేస్తారు, ఒడ్డుకి ఎలా వెళ్తారు, వలలు ఎక్కడ పెడతారు, కొడుకు పెళ్ళైతే రెండో కాపురం ఎక్కడ అని అడగండి. ఒడ్డున మళ్ళీ తాటాకు పాకలు లేస్తున్నాయంటే కారణం ఆ జవాబుల్లోనే దొరుకుతుంది.

ఆఖరి అడుగు: మంజూరైన ఇళ్ళ వెంట ఉండండి

మీరు పట్టుబట్టి సాధించిన ఇంటికి మొదటి విడత పడగానే మీ పని అయిపోలేదు. ప్రతి దశకీ స్థలం దగ్గర ఫొటో తీసి అప్‌లోడ్ చేస్తేనే తర్వాతి విడత వస్తుంది. ఆ ఫొటో తీసే ఉద్యోగి రాకపోతే పని ఆగుతుంది, ఆగిన నెల్లో సిమెంటు గట్టిపడిపోతుంది. ఏ ఇల్లు ఏ దశలో ఉందో నెలకోసారి చూసి రాయండి. రెండు నెలలు కదలని ఇంటి సంగతి బ్లాకు అధికారి (బీడీవో) దగ్గరికి మీరే తీసుకెళ్ళండి. ఒకే వీధిలో నాలుగైదు ఇళ్ళు స్లాబు దశకి వస్తే సెంట్రింగ్ సామాను, మిక్సరు అందరూ కలిసి ఒకేసారి అద్దెకి తెచ్చుకోమనండి, వేర్వేరుగా తెస్తే రవాణా ఖర్చే చాలా అవుతుంది. ఇసుక కూడా వానలు ముదరకముందే తోలించుకోమనండి.